మలయాలో నల్ల సీమలు, తెల్ల సీమలు

రాజ్యాలకు సరిహద్దులు ఉంటవన్నది అందరూ ఎరిగినదే. కాని ఒక ప్రభుత్వం తన సరిహద్దుల లోపలనే మరొక గీత గీసి, ఈ గీతకు ఇవతల మామూలు చట్టము, అవతల వేరొక చట్టము అని ప్రకటించిన సందర్భాలు చరిత్రలో అనేకం కనిపిస్తవి. ఒక భూభాగం ఎవరి ఏలుబడిలో ఉండవలెనన్న వివాదం ఆయుధాలదాకా వచ్చినప్పుడు ప్రభుత్వాలు తరచుగా చేసే మొదటి పని ఇది. గీత లోపల పడిన ఊరు నిన్నటి ఊరే. చెరువు అదే, అంగడి అదే, మనుషులూ వారే. కాని పొద్దుగుంకిన తరువాత వీధిలో నడవడం నేరమవుతుంది. మూట విప్పి చూపనిదే పొలిమేర దాటడానికి వీలుండదు. న్యాయస్థానం కంటె ముందు పటాలం వస్తుంది.

ఆ గీతను ఎవరు గీస్తారు? దాని లోపల పాలన ఎవరి చేతిలో ఉంటుంది? దానిని ఎప్పుడు, ఎవరు చెరుపుతారు? ఈ మూడు ప్రశ్నలను విచారించడానికి మలయా దేశ చరిత్రలో 1948 నుంచి 1960 వరకు గడిచిన పన్నెండేండ్ల ఘట్టాన్ని మేము ఎన్నుకొన్నాము. నేటి మలేసియాలో ద్వీపకల్ప భాగమే నాటి మలయా. తెలుగువారికి అది బొత్తిగా పరాయి దేశం కాదు. పందొమ్మిదవ శతాబ్దిలోనే మన జిల్లాల నుంచి కూలీలు ఓడలెక్కి అక్కడి తోటలకు వెళ్లారు. వారి సంతతివారు నేటికీ అక్కడ నివసిస్తున్నారు. మేము చెప్పబోయే చరిత్రలో ఆ రబ్బరు తోటలే ముఖ్యమైన రంగస్థలం.

రెండవ ప్రపంచయుద్ధంలో జపాను సైన్యం మలయాను ఆక్రమించినప్పుడు, అడవులలో నిలిచి ఎదిరించిన వారిలో మలయా కమ్యూనిస్టు పార్టీవారు ముఖ్యులు. వారికి బ్రిటిషువారు ఆయుధాలు అందజేశారు. 1945లో జపాను లొంగిపోయినది. బ్రిటిషు పాలన తిరిగి వచ్చినది. నిన్నటి మిత్రులు మూడేండ్లలో శత్రువులైనారు. 1948 జూన్ 16న పెరాక్ రాష్ట్రంలోని సుంగై సిపుట్ దగ్గర ముగ్గురు ఐరోపా తోటదొరలను కాల్చి చంపారు. ప్రభుత్వం మొదట పెరాక్, జొహోర్ రాష్ట్రాలలో కొన్ని భాగాలకు మాత్రమే అత్యవసర పరిస్థితిని ప్రకటించినది. రెండు రోజులు తిరగకుండానే దేశమంతటికీ దానిని విస్తరింపజేసినది. గీత గీయడం ఎంత సులభమో, దానిని పెంచడం అంతకంటె సులభమని ఈ రెండు రోజులే చెప్పుతున్నవి.

ఇక్కడ పేరును గురించి ఒక మాట చెప్పవలె. వేలాది సైనికులు, విమానాలు, ఫిరంగులు పాల్గొన్న ఈ పోరాటాన్ని ప్రభుత్వం ఏనాడూ యుద్ధమని అనలేదు. అత్యవసర పరిస్థితి అని మాత్రమే వ్యవహరించినది. యుద్ధమని ఒప్పుకొంటే లండను భీమా కంపెనీలు తోటలకూ గనులకూ కలిగిన నష్టాన్ని చెల్లించవన్న భయం దీనికి ఒక కారణమని చెప్పుతారు. అడవిలోనివారు దానినే జాతీయ విమోచన యుద్ధమని పిలిచారు. ఇది ఉత్త మాటల పట్టింపు కాదు. యుద్ధమైతే పట్టుబడినవాడు యుద్ధఖైదీ. అత్యవసర పరిస్థితి అయితే అతడు నేరస్థుడు, ఉరికంబానికి అర్హుడు. ఆయుధం దగ్గర ఉంటే మరణశిక్ష అని కొత్త నిబంధన వచ్చినది. అఖిల మలయా కార్మిక సంఘాల సమాఖ్యకు అధ్యక్షుడుగా పనిచేసిన ఎస్. ఎ. గణపతి అనే భారతీయుణ్ణి ఈ నిబంధన కిందనే 1949 మే నెలలో ఉరితీశారు. అతని ప్రాణం కాపాడవలెనని భారత ప్రభుత్వం చేసిన విజ్ఞప్తి ఫలించలేదు.

ఆ నిబంధనల కింద పన్నెండేండ్లు దాటిన ప్రతి మనిషికీ ఫోటోతో, వేలిముద్రతో గుర్తింపు కార్డు ఇచ్చారు. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం ప్రభుత్వానికి వచ్చినది. అయితే తొలి రెండేండ్లలో ఆ అధికారానికి ఒక క్రమమంటూ ఏర్పడలేదు. సైన్యం అడవులు గాలించడం, ఇళ్లు తగలబెట్టడం, అనుమానితులను వేలాదిగా నిర్బంధించడం — ఇదే పద్ధతి. 1948 డిసెంబరులో సెలంగోర్ రాష్ట్రంలోని బాతాంగ్ కలి రబ్బరు తోటలో ఒక బ్రిటిషు పటాలపు దళం ఆయుధాలు లేని 24 మంది గ్రామస్థులను కాల్చి చంపినది. పారిపోతూ ఉండగా కాల్చవలసి వచ్చినదని ప్రభుత్వం ప్రకటించినది. మృతుల బంధువులు ఆ మాటను ఒప్పుకొనలేదు. వారి వ్యాజ్యం బ్రిటిషు సుప్రీంకోర్టుదాకా వెళ్లినది. విచారణ జరిపి తీరవలసిన చట్టబాధ్యత ప్రభుత్వానికి లేదని 2015లో ఆ కోర్టు తీర్పు చెప్పినది. ఒక్కనాటి కాల్పులను గురించిన ప్రశ్న అరువది ఏడేండ్లు బ్రతికి ఉన్నది.

కాల్పులకంటె కఠినమైన సమస్య మరొకటి ఉండెను. జపాను ఆక్రమణకాలంలో పట్టణాలలో తిండి దొరకక, లక్షలాది చీనావారు అడవి అంచులకు పోయి, పట్టా లేని భూములలో కూరగాయలు, కర్రపెండలం సాగుచేసుకొన్నారు. వారిలో అధిక సంఖ్యాకులకు ఏ ప్రభుత్వ కచేరీతోనూ సంబంధం లేదు. అడవిలోని గెరిల్లాలకు బియ్యం, మందులు, వార్తలు అందినది వీరి గుడిసెల మీదుగానే. కొందరు ఇష్టపడి ఇచ్చారు. కొందరు బంధుత్వం చేత ఇచ్చారు. కొందరు ప్రాణభయం చేత ఇచ్చారు. ఎవరు ఎందుకు ఇచ్చారో విడదీసి చూచే సాధనం ప్రభుత్వానికి లేదు. అందుచేత మనుషులను విడదీయడం మాని, నేలనే విడదీయవలెనన్న ఆలోచన బయలుదేరినది.

1950లో కార్యకలాపాల డైరెక్టరుగా వచ్చిన సర్ హెరాల్డ్ బ్రిగ్స్ ఈ ఆలోచనకు రూపమిచ్చాడు. ఆయన సైన్యంలో జనరల్ పదవి చేసి విరమించినవాడు. అయినా ఆయన ఏర్పరచిన వ్యవస్థలో సైన్యం ప్రభువు కాదు. ప్రతి రాష్ట్రానికి ఒక యుద్ధ నిర్వాహక సంఘం, ప్రతి జిల్లాకు ఒక జిల్లా యుద్ధ నిర్వాహక సంఘం ఏర్పడినవి. జిల్లా సంఘంలో అధ్యక్షపీఠం జిల్లా అధికారిది. మన కలెక్టరు వంటివాడు. అతనికి ఒక ప్రక్క పోలీసు అధికారి, మరొక ప్రక్క పటాలపు సేనాని. ఒకే బల్ల చుట్టూ కూర్చుండి, ఒకే పటం ముందుపెట్టుకొని, ఏ ఊరికి కర్ఫ్యూ, ఏ దారికి కాపలా, ఏ అంగడికి ఎంత బియ్యం అన్నది నిర్ణయించేవారు. సైన్యం పౌరపాలనకు సహాయంగా వచ్చినదే గాని, దానిని తొలగించి తాను కూర్చుండలేదు. సైనిక చర్యాప్రాంతాల పాలనలో ఇది గమనింపదగిన విశేషం. తుపాకి పట్టినవాడు ఒక కుర్చీలో, సంతకం చేసేవాడు మరొక కుర్చీలో ఉండడం పాలితులకు ఎంతో కొంత రక్ష. కాని ఆ బల్ల దగ్గర ఎవరిని గూర్చి నిర్ణయాలు జరుగుతున్నవో వారికి చాలకాలం కుర్చీ లేదన్న సంగతిని కూడా మరువరాదు.

బ్రిగ్స్ పథకం ప్రకారం అడవి అంచు జనాన్ని కొత్త పల్లెలకు తరలించారు. తెల్లవారకముందే సైనికులు గుడిసెలను చుట్టుముట్టేవారు. సామాను సర్దుకొనడానికి కొన్ని గంటలు గడువు. కోళ్లు, పందులు, కుండలు, ముసలివారు, చంటిబిడ్డలు అందరూ లారీలెక్కవలె. కొత్తచోట ఇంటిస్థలం, కొంత ధనసహాయం, ఇల్లు కట్టుకొనడానికి సామగ్రి ఇచ్చారు. కొన్ని పల్లెలకు బడి, వైద్యశాల కూడా వచ్చినవి. కాని ఊరి చుట్టూ ముళ్లకంచె, రాత్రి దీపస్తంభాలు, ద్వారం దగ్గర పోలీసులు. 1960 నాటికి 480 కొత్త పల్లెలలో 5,70,000 పైచిలుకు జనాన్ని ఇట్లా నిలిపినట్లు ఒక ప్రామాణికమైన లెక్క. అది వారికి రక్షణ అని ప్రభుత్వం చెప్పినది. చెర అని వారిలో అనేకులు అనుకొన్నారు. కంచె ఒక్కటే, లోపలినుంచి చూచేవారికి ఒకటిగా, వెలుపలినుంచి చూచేవారికి మరొకటిగా కనిపించినది.

తోటల కూలీల సంగతి ఇంతకంటె తక్కువగా చెప్పుకొంటారు. గనులలో, తోటలలో చెల్లాచెదురుగా ఉన్న కూలి లైన్లను కూడా ఒకచోట చేర్చి, కంచెలు కట్టారు. అట్లా కదలింపబడినవారు దాదాపు 6,50,000 మంది. తోటపనివారిలో భారతీయులు పెద్దభాగం కనుక, తమిళులతోపాటు తెలుగు కుటుంబాలు కూడా ఈ జీవితాన్ని అనుభవించినవే. చీకటిలోనే లేచి రబ్బరుపాలు గీయడానికి పోవడం వారి వృత్తి. చెట్టు తెల్లవారుజామున పాలిచ్చినంతగా ఎండ ఎక్కిన తరువాత ఇవ్వదు. కర్ఫ్యూ తెల్లవారినదాకా తొలగదు. కర్ఫ్యూ కొన్ని గంటలు పెరిగితే కూలి డబ్బు అంతమేరకు తరుగుతుంది. అడవివారు వచ్చి బియ్యం అడిగితే లేదనడం ప్రమాదం, ఇస్తే జైలు. తోటల యజమానులకు నష్టం కలిగించడానికి గెరిల్లాలు రబ్బరుచెట్లను నరికి పాడుచేసినప్పుడు, ముందుగా పని పోయినది కూలివానికే. ఏ పక్షానికీ చెందక, రెండు పక్షాలకూ జవాబుదారీ కావలసి రావడమే వివాదగ్రస్తమైన నేలపై బ్రతికేవాని దుస్థితి.

ఇట్టి సీమలో పాలన అనేది చివరకు వంటింటిలోకి వచ్చినది. పోరాటపు అసలు ఆయుధం తుపాకి కాదు, బియ్యమని ప్రభుత్వం గ్రహించినది. ఆహార నియంత్రణ ప్రాంతాలలో మనిషికి ఇంత బియ్యమని కొలత పెట్టారు. అంగడివాడు ఏ సరుకు ఎవరికి అమ్మినదీ పుస్తకంలో వ్రాయవలె. డబ్బాలలోని ఆహారాన్ని అమ్మేటప్పుడు డబ్బాకు అక్కడికక్కడే చిల్లి పొడిచి ఇవ్వవలె. అప్పుడు దానిని దాచడానికి వీలుండదు. పనికి పోయేవారు అన్నం మూట తీసుకొని పోరాదు. మరింత గట్టిగా చర్య జరిపినచోట్ల ఇంటింటికి బియ్యం ఇవ్వడమే మాని, ఊరంతటికీ ఒకచోట వండి అన్నమే పంచిపెట్టారు. వేడిదేశంలో అన్నం మరునాటికి పాచిపోతుంది. బియ్యం నెలలతరబడి నిలుస్తుంది. ఈ చిన్న తేడా మీదనే ఒక సైనిక వ్యూహం ఆధారపడినది. తన పొయ్యిమీద తాను అన్నం వండుకొనే హక్కును కూడా గీత అపహరించగలదని మనలో ఎందరం ఊహించగలము?

ద్వారాల దగ్గర సోదాలు మరొక బాధ. పొద్దున్నే పనికి పోయే స్త్రీలను వరుసలో నిలిపి సోదా చేయడం గురించి సెలంగోర్‌లోని సెమెన్యి గ్రామంలో గొప్ప అలజడి చెలరేగినది. 1956లో ప్రభుత్వం దానిమీద విచారణ జరిపించవలసి వచ్చినది.

1951 అక్టోబరులో హైకమిషనరు సర్ హెన్రీ గర్నీని గెరిల్లాలు దారికాచి చంపారు. మరుసటి ఫిబ్రవరిలో సర్ జెరాల్డ్ టెంప్లర్ వచ్చాడు. హైకమిషనరు, కార్యకలాపాల డైరెక్టరు అనే రెండు పదవులూ ఆయన ఒక్కడి చేతిలోనే ఉంచారు. మార్చినెలలో తంజొంగ్ మాలిం పట్టణం దగ్గర నీటిగొట్టాన్ని బాగుచేయడానికి పోయిన బృందంపై దాడి జరిగి పన్నెండుగురు మరణించారు. టెంప్లర్ స్వయంగా పట్టణానికి వచ్చి, రోజుకు ఇరువదిరెండు గంటల కర్ఫ్యూ విధించాడు. బియ్యపు రేషను తగ్గించాడు. బడులు మూయించాడు. ఇంటింటికీ ప్రశ్నల పత్రాలు పంచి, తెలిసిన సంగతులు పేరు వ్రాయకుండా వ్రాసి ఇమ్మన్నాడు. నేరం చేసినవారు కొందరు; ఆకలి గొన్నది ఊరంతా. ఈ సామూహిక శిక్షను బ్రిటను పత్రికలు, పార్లమెంటు సభ్యులు కొందరు తీవ్రంగా విమర్శించారు. ఒక్క చేతిలో రెండు అధికారాలు చేరినప్పుడు పని వేగంగా జరుగుతుంది. అన్యాయం కూడా అంతే వేగంగా జరుగుతుంది.

అయినా ఈ చరిత్రలో అత్యంత ముఖ్యమైన ఘట్టం టెంప్లర్ కాలంలోనే వచ్చినది. గెరిల్లాల సంచారం అణగని ప్రాంతాలను నల్ల ప్రాంతాలని వ్యవహరించేవారు. నల్లనిదానిని తెల్లగా మార్చే మార్గం కూడా ఉండవలె గదా? 1953 సెప్టెంబరులో మలక్కా రాష్ట్రంలో కొంత భాగాన్ని మొట్టమొదటి తెల్ల ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ కర్ఫ్యూ ఎత్తివేశారు. ఆహార నియంత్రణ తొలగించారు. మళ్లీ అలజడి పుట్టితే ఆంక్షలు తిరిగి వస్తవన్న హెచ్చరిక ఒకటి మిగిలినది. ప్రక్క జిల్లావారు ఈ మార్పును కన్నులారా చూచారు. అంతవరకు గీతకు లోపల ఉండడమే తెలిసిన జనానికి, వెలుపలికి పోయే దారి ఒకటి ఉన్నదని మొదటిసారి రుజువైనది. క్రమంగా ఒక్కొక్క జిల్లా తెల్లబడినది. నల్ల సీమలు ఉత్తరాన థాయిలాండు సరిహద్దు వైపు కుంచించుకొనిపోయినవి. గీత గీయడంలో ప్రభుత్వం పొందిన జయంకంటె, గీత చెరపడంలో పొందిన జయమే పెద్దదని మేము భావిస్తాము.

మా వృత్తికి సంబంధించిన విషయం కూడా ఇందులో ఒకటి ఉన్నది. కొత్త పల్లెలలో ఊరంతా కూడి వినడానికి రేడియోలు అమర్చారు. అడవులమీద మైకులు కట్టిన విమానాలు తిరుగుతూ, లొంగిపొమ్మని పిలుపులు వినిపించినవి. కాని పిలుపుకంటె బలంగా పనిచేసినది రాజకీయపు మార్పు. 1955లో ఎన్నికలు జరిగినవి. ఆ డిసెంబరులో ముఖ్యమంత్రి టుంకు అబ్దుల్ రహమాన్, గెరిల్లా నాయకుడు చిన్ పెంగ్ బాలింగ్ పట్టణంలో కలుసుకొని మాట్లాడారు. సంధి కుదరలేదు. అయినా 1957 ఆగస్టు 31న మలయా స్వతంత్రమైనది. పరాయి పాలన పోవలెనన్న నినాదానికి అడవిలో ఇక ఆధారం లేకపోయినది. కొత్త పల్లెలవారిలో అనేకులకు పౌరసత్వం, భూమిమీద హక్కు, స్థానిక ఎన్నికలలో ఓటు లభించినవి. బల్ల దగ్గర వారికి కుర్చీ ఆలస్యంగానైనా వచ్చినది.

1960 జూలై 31న అత్యవసర పరిస్థితి ముగిసినది. గెరిల్లాలు దాదాపు 6,700 మంది, ప్రభుత్వ బలగాలవారు 1,800 పైచిలుకు, సామాన్య ప్రజలు దాదాపు 2,500 మంది ఈ పన్నెండేండ్లలో హతులైనారు. కాని గీత పూర్తిగా చెరిగినదా? మరునాడే, అనగా ఆగస్టు 1న, అంతరంగిక భద్రతా చట్టం అమలులోకి వచ్చినది. విచారణ లేని నిర్బంధం అందులో నిలిచినది. భద్రతా ప్రాంతాలను ప్రకటించే అధికారం, వాటిలో ఎవరూ అడుగుపెట్టరాని ప్రమాద ప్రాంతాలను నిర్ణయించే అధికారం కూడా అందులో చేరినవి. ఆ చట్టాన్ని 2012లో గాని రద్దు చేయలేదు. థాయిలాండు సరిహద్దుకు చేరిన గెరిల్లాలతో చివరి ఒడంబడిక 1989 డిసెంబరు 2న హాట్ యాయ్ నగరంలో జరిగినది. యుద్ధం కాదని చెప్పిన యుద్ధానికి సంధిపత్రం నలువది ఏండ్లు దాటిన తరువాత వచ్చినది.

మలయా పద్ధతి ఇతర దేశాలకు కూడా ప్రాకినది. మలయాలో పనిచేసిన రాబర్ట్ థాంప్సన్ అనే అధికారి 1961లో సైగానుకు సలహాదారుగా వెళ్లాడు. దక్షిణ వియత్నాంలో 1962 నుంచి కంచెల పల్లెలు కట్టారు. భూమిహక్కు, పౌరసత్వం వంటివి లేకుండా కంచె ఒక్కటే దిగుమతి అయినందువల్ల కొద్దికాలంలోనే ఆ పథకం కూలిపోయినది. మన దేశంలో కూడా 1967 నుంచి మిజో కొండలలో పల్లెలను కూడదీసి దారుల వెంట నిలిపారు. 1958 నాటి సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం కల్లోలిత ప్రాంతమనే మాటను ఈశాన్య సీమలలో స్థిరపరచినది. ఆ మాట తెలుగు నేలకు కూడా వచ్చినది. గిరిజనోద్యమకాలంలో, 1969లో, శ్రీకాకుళం ఏజెన్సీలోని కొన్ని భాగాలను వేరొక చట్టం కింద కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1958 చట్టం చెల్లునని చెప్పుతూనే, కల్లోలిత ప్రాంత ప్రకటన మితకాలానికి మాత్రమే ఉండవలెననీ, ఆరునెలలు తీరకముందే దానిని పునఃపరిశీలించవలెననీ 1997లో మన సుప్రీంకోర్టు చెప్పినది. మలక్కాలో అనుభవం నేర్పినదానిని ఇక్కడ న్యాయస్థానం చట్టంగా చెప్పవలసి వచ్చినది.

ప్రభుత్వమన్న తరువాత ప్రజల ప్రాణాలు కాపాడవలసిన బాధ్యత దానికి ఉన్నది. ఆయుధాలు లేచినచోట ఆ బాధ్యత ఒక్కొక్కప్పుడు గీత గీయక తప్పని స్థితికి తీసుకొనిపోవచ్చును. అట్టి గీత ఎక్కడ కనిపించినా, శ్రోతలు రెండు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి. లోపల అధ్యక్షపీఠం మీద కూర్చున్నవాడు ప్రజలకు జవాబు చెప్పవలసినవాడేనా? గీత గీసిననాడే దానిని చెరిపే దారికూడా వ్రాసిపెట్టారా? వీటికి సరియైన సమాధానం ఉన్నచోట నల్ల సీమ ఏనాటికైనా తెల్లబడుతుంది. లేనిచోట తాత్కాలికమని చెప్పిన కంచె పాతుకొనిపోయి, దాని లోపలనే ఒక తరం పుట్టి పెరుగుతుంది.